పొరుగువాడికి చెప్పవలసినది

యుద్ధకాలంలో ఒక ప్రభుత్వం తనకు తెలిసిన సంగతిని పొరుగు ప్రభుత్వానికి చెప్పకుండా దాచుకోవచ్చునా? మన రాజకీయవేత్తలు దీన్ని నీతికి సంబంధించిన ప్రశ్నగా ఒప్పుకోరు. ఇది కేవలం యుక్తికి సంబంధించినదంటారు. చెబితే లాభమున్నప్పుడు చెప్పాలి, లేనప్పుడు గుట్టుగా ఉండాలి. ఇందులో ధర్మాధర్మ విచారణకు తావెక్కడిదని అడుగుతారు. వారికి కౌటిల్యుడు అండగా ఉన్నాడు. సరిహద్దును ఆనుకొని ఉన్న రాజు సహజ శత్రువనీ, ఆ శత్రువుకు అవతలివాడు సహజ మిత్రుడనీ ఆయన లెక్క. సన్యాసి వేషంలో, వర్తకుడి వేషంలో, గృహస్థు వేషంలో వేగులవాళ్ళను పంపమన్న శాస్త్రకారుడు పొరుగువాడికి నిజం చెప్పమంటాడని ఎవరూ ఆశించరు.

ఎదురుపక్షాన కాంటు ఉన్నాడు. 1795లో శాశ్వత శాంతిని గురించి రాసిన చిన్న గ్రంథంలో ఆయన, యుద్ధంలో సైతం కొన్ని పనులు చెయ్యరాదన్నాడు. గూఢచారులను వాడుకోవడం వాటిలో ఒకటి. యుద్ధంలో అలవాటైన ఆ విద్య శాంతికాలంలోనూ కొనసాగుతుందనీ, అప్పుడు పరస్పర విశ్వాసమే అసాధ్యమవుతుందనీ ఆయన భయం. అదే గ్రంథం చివర మరొక పరీక్ష పెట్టాడు: ఇతరుల హక్కులకు సంబంధించిన ఏ పనిలోనైనా, దాని వెనకనున్న సూత్రాన్ని బాహాటంగా చెప్పుకోలేకపోతే ఆ పని అన్యాయమే.

అభ్యుదయవాదులమైన మనం సాధారణంగా కాంటు పక్షానే చేరతాం. 1917 నవంబరులో బోల్షివిక్కులు జారు చక్రవర్తి ఖజానాలోని రహస్య ఒప్పందాలను పత్రికల్లో అచ్చువేయించి, అరబ్బు దేశాలను బ్రిటనూ ఫ్రాన్సూ ముందే పంచుకున్న సంగతిని లోకానికి వెల్లడించారు. ఈ ఘట్టాన్ని మన సభల్లో చెప్పినప్పుడల్లా చప్పట్లు మోగుతాయి. మోగవలసిందే. అయితే అంతర్యుద్ధం మీద పడేసరికి ఆ ప్రభుత్వం కూడా తన రహస్యాలు తాను దాచుకుంది, వేగులవాళ్ళను పెట్టుకుంది. మనం అందుకూ చప్పట్లు కొట్టాం. మన రహస్యం జాగ్రత్త, ఎదుటివాడి రహస్యం కుట్ర! ఈ లెక్క మీద ఏ నీతీ నిలవదు. నేను నల్లగొండలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక, ఈ ప్రశ్నను నాకు తెలిసిన నేల మీద పెట్టి చూడదలిచాను. ఇక్కడ ఒకప్పుడు "పొరుగు దేశం" అనేది భూగోళ పుస్తకంలోని మాట కాదు. కోదాడ దాటితే వచ్చేది.

1947 నవంబరు 29న నిజాముకూ ఇండియా ప్రభుత్వానికీ మధ్య యథాతథపు ఒడంబడిక కుదిరింది. గడువు ఒక ఏడాది. రక్షణ, విదేశ వ్యవహారాలు, రాకపోకలు మొదలైన విషయాల్లో అంతకుముందు బ్రిటిషువారితో ఉన్న ఏర్పాట్లే ఇకమీద ఇండియాతో కొనసాగాలి. ఢిల్లీలో హైదరాబాదు ఏజెంటు, హైదరాబాదులో ఢిల్లీ ఏజెంటు ఉండాలి. 1948 జనవరిలో ఢిల్లీ ఏజెంటుగా కె.ఎం. మున్షీ వచ్చాడు. కాగితం మీద చూస్తే ఇవి రెండూ ఒకే రక్షణ వ్యవస్థలో భాగస్థులైన ప్రభుత్వాలు. తమకు తెలిసిన అపాయాన్ని ఒకరికొకరు చెప్పుకోవలసినవి.

జరిగిందేమిటి? నిజాం ప్రభుత్వం ఇండియా నాణెం తన రాజ్యంలో చెల్లదంది. 20 కోట్ల రూపాయల విలువగల ఇండియా ప్రభుత్వ పత్రాలను పాకిస్తానుకు అప్పు కింద ఇవ్వజూపింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానికుడు కరాచీ నుంచి రాత్రివేళల్లో ఆయుధాలు తెచ్చి దించాడు. అటు ఇండియా, హైదరాబాదుకు వెళ్ళే సరుకులను సరిహద్దుల్లో అడ్డగించింది. సైనిక చర్యకు దక్షిణ సైన్యాధికారుల దగ్గర పథకం తయారైంది. ఒడంబడిక గడువు ఇంకా రెండున్నర నెలలుండగానే, 1948 సెప్టెంబరు 13న, ఆ పథకం అమలైంది. సంతకాలు పెట్టిన రోజు నుంచి రెండు పక్షాలూ కాలయాపనకే సంతకం పెట్టాయనడం అతిశయోక్తి కాదు. మున్షీ 1957లోనూ, నిజాం ప్రధాని మీర్ లాయకలీ 1962లోనూ తమ తమ పుస్తకాలు వెలువరించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒకే గోడకు అటొకరూ ఇటొకరూ చెవి ఆనించుకుని కూర్చున్నట్టుంటుంది. మన ఉద్యోగపర్వంలో సంజయుడు వచ్చింది మాట చెప్పడానికి మాత్రమేనా? పాండవుల బలమెంతో చూసి వెళ్ళడానికి కూడానూ. రాయబారికీ వేగులవాడికీ మధ్య గీత తిక్కన నాటికే పలచబడి ఉంది.

ఇంకో విచిత్రం. అప్పుడు ఇండియా సేనాధిపతి రాయ్ బుచర్, పాకిస్తాను సేనాధిపతి డగ్లస్ గ్రేసీ. ఇద్దరూ ఒకే ఇంగ్లీషు సైన్యం నుంచి వచ్చినవారు. స్వతంత్ర దేశం తన గుట్టును పొరుగు దేశానికి చెప్పాలా వద్దా అనే ప్రశ్న, తన సేనాధిపతికి ఎంత చెప్పాలనే ప్రశ్నగా మారిన కాలమది.

ఇంతవరకూ చూస్తే కౌటిల్యుడే గెలిచినట్టు కనిపిస్తుంది. కాని ఈ లెక్కలో ఒక దోషం ఉంది. "పొరుగువాడు" అన్నప్పుడు మనం ప్రభుత్వాన్నే చూస్తున్నాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మనుషులకు పొరుగు అంటే అది కాదు. కృష్ణకు ఈవల వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు. ఆవల మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లా. ఏటికి అటూ ఇటూ ఒకే భాష. పిల్లనిచ్చిన ఊరు అవతల, పొలమున్న ఊరు ఇవతల. పుట్టి ఎక్కి దాటితే వేరే ప్రభుత్వం, అంతే. 1947 అక్టోబరులో ఆత్మకూరు సంస్థానపు అప్పంపల్లిలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపినప్పుడు, ఆ కబురు ఏరు దాటకుండా ఆపగలిగిన "దౌత్య జాగ్రత్త" ఏదైనా ఉంటుందని నేననుకోను.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది మునగాల పరగణా. పటం తీసి చూడండి. చుట్టూ నిజాము నల్లగొండ. నడుమ కృష్ణా జిల్లాకు చెందిన మునగాల ఒక ద్వీపంలా ఉండేది. పరగణా గట్టు మీద నిలబడితే నాలుగు దిక్కులా పొరుగు దేశమే. జమీందారు నాయని వెంకట రంగారావు; హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, విజ్ఞానచంద్రికా మండలికీ అండగా నిలిచిన ఉదారుడు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగువాడి చేతికి చరిత్ర పుస్తకం అందించిన ఆ జమీలోనే రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్ళకూ వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. గ్రంథాలయం వేరు, శిస్తు చిట్టా వేరు. సరే, అది మరో వ్యాసానికి విషయం. ఇక్కడ చెప్పవలసింది, నిజాం పోలీసులు తరుముతున్నప్పుడు నల్లగొండ సంఘపువాళ్ళకు ఈ ద్వీపం ఆశ్రయమైందన్నది. నిజాం ప్రభుత్వానికిది కంటిలో నలుసు. మద్రాసు ప్రభుత్వానికీ కమ్యూనిస్టులంటే గిట్టదు. మరి తన గడ్డ మీద ఉన్నవాళ్ళ వివరాలను మద్రాసు ప్రభుత్వం హైదరాబాదుకు ఇవ్వాలా? ఇస్తే, అవి పోలీసు ఠాణాతో ఆగుతాయా, రజాకార్ల చేతికి పోతాయా? 1948 నాటికి ఠాణాకూ రజాకారు శిబిరానికీ మధ్య గోడ మిగలలేదు. ఠాణాకు వేసిన ఉత్తరం గుండ్రాంపల్లి లాంటి చోట రజాకారు చేతికి చేరదన్న హామీ ఎవరివ్వగలరు?

కాబట్టి దాచడం తప్పు కాదు. కనీసం కొన్నిటిని దాచడం తప్పు కాదు. ఏమిటా కొన్ని? దీనికి జవాబు నాకు శాస్త్ర గ్రంథాల్లో దొరకలేదు. సాయుధ పోరాట కాలపు ఊళ్ళ నడతలో దొరికింది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరవాత పోరాటం ఊరూరికీ పాకింది. చేతుల్లో గుత్పలు, వడిసెలలు. ఆ ఊళ్ళు సమాచారాన్ని రెండు రకాలుగా వాడుకున్నాయి. దళం ఎక్కడుందో, అన్నం ఎవరింటినుంచి వెళ్తుందో, చీటీ ఎవరు తెచ్చారో పక్కింటివాడికి కూడా తెలియనిచ్చేవారు కారు. కబురు మోసేవాళ్ళకు తాము చేరవలసిన మజిలీయే గాని దాని తరవాతిది తెలియదు. ఆ కబుర్లు మోసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర" చదివినవారికి ఆ జాగ్రత్త ఎంత బరువో తెలుస్తుంది. ఇక రెండో రకం: పోలీసులు గాని రజాకార్లు గాని ఊరిమీదికి వస్తున్నారంటే డప్పు మోగేది. డప్పు ఎవరి చెవినీ ఎంచుకోదు. సంఘపువాడికీ వినిపిస్తుంది, సంఘంలో లేనివాడికీ వినిపిస్తుంది, గడిలో ఉన్న దొరకూ వినిపిస్తుంది. ఊరు సిద్ధంగా ఉన్నదని శత్రువుకు తెలిసిపోతుంది, అయినా మోగించేవారు.

అంటే చెప్పినవాడి పేరు దాచారు. వస్తున్న అపాయాన్ని దాచలేదు. సమాచారం అని మనం ఒక్క మాటలో చుట్టేసే దానిలో ఈ రెండూ ఉన్నాయి. పేరు బయటపడితే చెప్పినవాడి మెడ తెగుతుంది. అపాయం దాచితే విననివాడి మెడ తెగుతుంది. మొదటి జాగ్రత్త ప్రాణరక్షణ. రెండోదాన్ని జాగ్రత్త అనడానికి నాకు నోరు రాదు.

ఈ విభజన పల్లెటూళ్ళకే పరిమితమని అనుకోనక్కరలేదు. 1941 వసంతంలో జర్మనీ సేనలు తూర్పుకు మళ్ళుతున్నాయని బ్రిటనుకు జర్మన్ సంకేత లిపిని విప్పడం ద్వారా తెలిసింది. చర్చిల్ ఏప్రిలులో స్టాలినుకు హెచ్చరిక పంపాడు. ఎలా తెలిసిందో చెప్పకుండా, నమ్మదగిన మనిషి ద్వారా తెలిసిందన్నాడు. మాస్కోలోని బ్రిటిషు రాయబారి దాన్ని వెంటనే అందించక కొన్నాళ్ళు ఆలస్యం చేశాడు. అందిన తరవాత స్టాలిన్ నమ్మలేదు. టోకియో నుంచి తన మనిషి సోర్గే పంపిన హెచ్చరికలనే నమ్మనివాడు చర్చిల్‌ని నమ్ముతాడా? జూన్ 22న బాంబులు పడ్డాయి. దీన్ని చూపి, "చెప్పినా ప్రయోజనం లేదు గదా" అనే మిత్రులున్నారు. నాకు వేరే సంగతి కనిపిస్తుంది. అన్ని ఏళ్ళపాటు ఒకరినొకరు మోసగించుకున్న ప్రభుత్వాల మధ్య నిజం కూడా పన్నాగంలా వినిపిస్తుంది. కాంటు భయపడింది సరిగ్గా దీనికే. మూలాన్ని దాచిపెట్టే హక్కు చర్చిల్‌కు ఉంది. ఆ దాపరికాన్ని భరించి నమ్మడానికి కావలసిన విశ్వాసం మాత్రం ఒక్క ఉత్తరంతో పుట్టదు.

హైదరాబాదు విషయంలో ఈ విశ్వాసరాహిత్యం ఏ అబద్ధాన్నైనా నిజమనిపించే స్థితికి తెచ్చింది. 1948 మేలో లాయకలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధాన్ని ఎత్తివేసింది. నగరంలోని నాయకులు కొందరు స్వతంత్ర హైదరాబాదుకు అనుకూలంగా మాట్లాడారు. ఇంకేముంది, రజాకార్లూ కమ్యూనిస్టులూ ఏకమయ్యారని సరిహద్దుకు అవతల ప్రచారం. నల్లగొండ పల్లెల్లో అదే కాలంలో రజాకార్లతో తలపడి చస్తున్నది ఎవరు? దళాలవాళ్ళు, సంఘపు రైతులు. ఇది ఢిల్లీకి తెలియని రహస్యమా? నగరంలో అన్న మాట తప్పుడు మాటే, పార్టీ దాన్ని తరవాత తప్పుపట్టింది కూడా. అయితే ఒక మాటను పట్టుకుని వేల ఊళ్ళ నెత్తుటిని చూడకపోవడం సమాచారలోపం కాదు, సమాచారపు ఎంపిక. ఇండియా ప్రభుత్వం 1948లో ప్రచురించిన శ్వేతపత్రంలో సరిహద్దు దౌర్జన్యాల పట్టిక ఉంది. అది లోకానికి చెప్పడం. దాడికి ముందు ఆ ఊరికి చెప్పడం వేరు. లోకానికి చెప్పేది సాధారణంగా ఊరు తగలబడిన తరవాతనే.

మన పక్షాన్ని మాత్రం ఈ పరీక్షకు మినహాయించరాదు. దళాల ప్రాంతంలో "ఏజెంటు" అన్న అనుమానంతో ప్రాణాలు పోయినవారున్నారు. నిజంగా పట్టిచ్చినవాళ్ళున్నారు, వాళ్ళవల్ల దళాలకు దళాలు తుడిచిపెట్టుకుపోయాయి. దాన్ని తక్కువ చెయ్యను. కాని రహస్యం మీద బతికే ఏ ఉద్యమానికైనా అనుమానమే సాక్ష్యమయ్యే రోజు వస్తుంది. కబురు చెప్పినవాడి పేరు దాచడం న్యాయమన్నాను. అదే దాపరికం నిందితుడి మీద నేరం మోపినవాడి పేరును కూడా కప్పేస్తుంది. అప్పుడు చచ్చేవాడికి తనను చంపిన మాట ఎవరిదో తెలియదు. ఈ చిక్కుకు నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి పుస్తకంలో లెక్కగట్టిన 3,000 గ్రామాల, 10 లక్షల ఎకరాల ఘనత ఎంత పెద్దదైనా, దాన్ని అడ్డం పెట్టి ఈ ప్రశ్నను మూసెయ్యడం నాకు సమ్మతం కాదు.

రహస్యాల ఆ రాజ్యంలో బాహాటంగా మాట్లాడినవాడు ఒకడున్నాడు. "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లాఖాన్. ఇండియాతో కలవడమే మేలని కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేశాడు. రజాకార్లను ఖండిస్తూ రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడ దగ్గర అతని మీద పడి నరికారు. తెల్లవారేలోగా ప్రాణం పోయింది. అదే 21వ తేదీన నిజాం ప్రభుత్వం ఇండియా మీద ఐక్యరాజ్య సమితి భద్రతా సంఘానికి తంతి పంపింది. ఒకే రోజున ఒక రాజ్యం న్యాయం కోసం ప్రపంచమంతటికీ మొరపెట్టుకుంది, తన సొంత ప్రజలకు వినిపించకూడదని ఒక గొంతు తెగిపోనిచ్చింది. పొరుగువాడి దగ్గర దాచే అలవాటు ఇంటివాళ్ళ దగ్గర దాచడంతోనే మొదలవుతుందేమో.

సెప్టెంబరు 13న బయలుదేరి బెజవాడ రోడ్డు మీదుగా సైన్యం కోదాడకు వచ్చింది, ఆ తరవాత సూర్యాపేటకు వచ్చింది. వెనక్కి పోతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను కూల్చింది. కాపలాగా ఎవరూ నిలవలేదు, మరమ్మతు త్వరగానే అయిపోయింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలింది. జనం సంతోషించారు, సంతోషించవలసిందే. ఆ వెనకే పారిపోయిన దేశ్‌ముఖులు ఖద్దరు టోపీలు పెట్టుకుని గడులకు తిరిగి వచ్చారు. ఊళ్ళో ఎవరు సంఘం, ఎవరు దళం, భూమి ఎవరు దున్నుకున్నారు, ఇవన్నీ వారికి తెలిసినంతగా జనరల్ చౌదరి సైనిక ప్రభుత్వానికి తెలియవు. తెలియజెప్పారు. రజాకార్లను ఎదిరించడానికి ఊరు బయటపెట్టుకున్న ముఖాలే ఇప్పుడు పట్టీలకెక్కాయి. యుద్ధకాలంలో ఇచ్చిన సమాచారం యుద్ధంతో చచ్చిపోదు. యజమాని మారితే అది కూడా పక్షం మారుతుంది. నేడు చెబుతున్నది ఎవరికని అడిగితే సరిపోదు, రేపు ఈ కాగితం ఎవరి చేతిలో ఉంటుందని కూడా అడగాలి. నల్లగొండ రైతు ఈ పాఠానికి 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా మూల్యం చెల్లించాడు.

ఇక చివరి సంగతి, నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది. సైనిక చర్య తరవాత ముస్లిముల మీద జరిగిన మారణకాండను విచారించడానికి పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు 1948 నవంబరు, డిసెంబరులలో జిల్లాలు తిరిగారు. ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఘోరం ఎక్కువ. తరవాతి వరసలో నల్లగొండ పేరూ ఉంది. ప్రభుత్వం ఆ నివేదికను ఆమోదించలేదు, ప్రచురించలేదు. 2013 ప్రాంతం వరకూ అది విస్తారంగా జనం చేతికి రాలేదు. అరవై అయిదేళ్ళు! పొరుగు దేశం దాన్ని ప్రచారానికి వాడుకుంటుందన్న భయం ఒక కారణమై ఉంటుందని ఊహించవచ్చు. ఒప్పుకుందాం, అది అబద్ధపు భయం కాదు. మరి దాచింది ఏమిటి? చెప్పినవాడి పేరా? కాదు, జరిగిన చావులు. ఎవరి దగ్గర దాచారు? పాకిస్తాను దగ్గర కాదు; కట్టుబట్టలతో పారిపోయి వెళ్ళినవాళ్ళ నోట పాకిస్తాను అప్పటికే విని ఉంటుంది. నల్లగొండవాడి దగ్గర దాచారు. తన ఊళ్ళో మసీదు వెనక ఇళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయో మనవడికి చెప్పలేని తాత దగ్గర దాచారు. రజాకార్ల దౌర్జన్యం పాఠ్యపుస్తకంలోకి వచ్చింది. దాని వెంట వచ్చినది రాలేదు. సగం తెలిసినవాడు సగం లేని వాడికన్నా ప్రమాదకరంగా తయారవుతాడని వేరే చెప్పాలా? నేటి ఎన్నికల సభల్లో సెప్టెంబరు 17 గురించి వినిపించే మాటలు విన్నవారికి తెలుసు.

ఆ నివేదికలోనే ఇంకొక సంగతి రాసి ఉంది. కొన్ని చోట్ల హిందూ నేతపనివాళ్ళు ముస్లిం నేతపనివాళ్ళకు అడ్డంగా నిలబడి కాపాడారనీ, అందులో కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకున్నారనీ. మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఆ వాక్యాన్ని దాచడంలో ఏ దేశ భద్రత ఉందో, ఏ పొరుగు రాజ్యం దాన్ని మన మీద ఆయుధంగా వాడుకోగలిగేదో, ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.